ఇంకో చెవుంది, బావా

తిరువళ్ళూరు నుంచి మద్రాసు వైపు పోయే లోకల్ రైల్లో మరుగుదొడ్డి ఉండదు. ఈ సంగతి నాకు చిన్నప్పటి నుంచీ తెలుసు. కానీ నలభై దాటేదాకా దాని గురించి ఒక్క క్షణం కూడా ఆలోచించినవాణ్ణి కాను. అంబత్తూరు దగ్గర ఒక కంపెనీలో నా పని. పొద్దున రైల్లో మాకొక గుంపుండేది. ఎదురెదురుగా కూర్చుని, మోకాళ్ళ మీద తువ్వాలు పరుచుకుని, పేకాడుకుంటూ పోయేవాళ్ళం. నా నోరు పెద్దది. ఓడిపోతే అరుస్తాను, గెలిస్తే ఇంకా అరుస్తాను. తిరునిన్రవూరులో ఎక్కే మా వాళ్ళు నా గొంతు విని మేము ఏ పెట్టెలో ఉన్నామో కనుక్కునేవాళ్ళు.

ఆ తర్వాత మలద్వారం పక్కన నాకు పుండు లేచింది. ఫిస్టులా అన్నారు. కూర్చుంటే నొప్పి, నిలబడితే చీము. ఆపరేషను చేయాలన్నారు. చేసే ముందు డాక్టరు కాగితం మీద బొమ్మ గీసి మరీ చెప్పాడు, కండరం కొంచెం కోయాల్సి రావచ్చు, ఆ తర్వాత పట్టు తగ్గే అవకాశం ఉంది అని. నేను విన్నానా? నొప్పి పోతే చాలని తలూపి సంతకం పెట్టాను. నొప్పి పోయింది. ఆయన మీద నాకు ఏ కోపమూ లేదు. కానీ నొప్పితో పాటు పట్టు కూడా పోయింది.

సూటిగా చెప్తాను, డొంకతిరుగుడుగా చెప్పీ చెప్పీ నాకే విసుగొచ్చింది. నేను దొడ్డికి ఆపుకోలేకపోయేవాణ్ణి. తుమ్మితే భయం, దగ్గితే భయం, బరువెత్తితే భయం. కడుపులో కదిలింది గాలో మరొకటో తెలిసేది కాదు. ఒక పొద్దున కదులుతున్న రైలును పరుగెత్తి పట్టుకున్నాను. ఎక్కాక తెలిసింది, ఎక్కకుండా ఉండాల్సిందని. పక్క స్టేషన్లో దిగి, అక్కడ మరుగుదొడ్డికి తాళం వేసి ఉంటే, పట్టాల పక్కన నడుచుకుంటూ ఇంటికి తిరిగొచ్చాను. ఎదురొచ్చిన కుక్క కూడా నా వైపు అదోలా చూసినట్టు అనిపించింది.

ఆ రోజు నుంచి రైల్లో కూర్చోవడం మానేశాను. తలుపు దగ్గర, గాలి తగిలే చోట, అందరికీ వీపు పెట్టి నిలబడేవాణ్ణి. పొద్దున కాఫీ మానేశాను, మధ్యాహ్నం అన్నం సగం చేశాను. చేతిలో ఒక పసుపు గుడ్డ సంచి, అందులో మారు ప్యాంటు. ఏ స్టేషన్లో మరుగుదొడ్డి తెరిచి ఉంటుందో, ఎక్కడ నీళ్ళు వస్తాయో నాకు నోటికొచ్చేసింది. మా గుంపు వాళ్ళు నాకు పొగరెక్కిందనుకున్నారు. సూపర్‌వైజరు అయ్యాడు గదా, ఇంక మనతో ఏం పేకాడతాడు అని నాకు వినబడేట్టే అన్నారు. పొగరని అనుకోవడమే నయమని ఊరుకున్నాను.

ఇంట్లో మాత్రం నా నోరు ఇంకా పెద్దదైంది. ఉప్పు తక్కువైతే అరిచాను, సరిగ్గా ఉన్నా అరిచాను. మా ఆవిడ ఎన్నాళ్ళు ఓర్చుకుంటుంది? ఒక పొద్దున నేను పెరట్లో ప్యాంటు ఉతుక్కుంటుంటే వెనక నుంచి వచ్చి నిలబడింది.

"పెండ్లయినప్పటి నుంచి నువ్వు చెంబెత్తి ఎరగవు. ఇప్పుడు గుడ్డలు ఉతుకుతుండావు. ఎవుతయ్యా అది?"

నెలల తర్వాత ఆ పొద్దున నాకు నవ్వొచ్చింది. నవ్వి, అదే ఊపులో ఏడ్చాను. అన్నీ చెప్పాను. తను బట్టలుతికే రాయి మీద కూలబడింది.

"దీనికా నన్నిట్లా పీక్కతింటావుంటివి? ముందే చెప్పుంటే నీ పాపం పోయుండును గదయ్యా!"

తిట్టింది, చాలాసేపు తిట్టింది. ఆ మర్నాటి నుంచి పాత పంచెల్ని చించి, మడతలు పెట్టి, లోపల పెట్టుకోవడానికి వీలుగా కుట్టి నా సంచిలో పెట్టేది. ఎవరికీ చెప్పలేదు. తన పుట్టింటికి కూడా చెప్పలేదు. ఈ కథలో నేను మొదట దండం పెట్టాల్సింది తనకే.

ఇక నా చెల్లెలి సంగతి. చెల్లెల్ని తిరుత్తణిలో ఇచ్చాం. దాని మొగుడు కాట్టుపల్లి ఓడరేవుకు కాంట్రాక్టు పనివాళ్ళను చేరవేసే బస్సు నడుపుతాడు. మేమిద్దరం ఒకరినొకరం బావా అనే పిలుచుకుంటాం. పెళ్ళైన చాలా ఏళ్ళకు వాళ్ళకు ఒక ఆడపిల్ల పుట్టింది. పుడితే ఆ ఊరి కొండ మీది గుళ్ళో గుండు కొట్టించి, చెవులు కుట్టిస్తామని మొక్కుకున్న పిల్ల. మా వాళ్ళలో ఆ రెండూ మేనమామ ఒడిలోనే జరగాలి. మేనమామ కింద కూర్చోవాలి, పిల్లను ఒడిలో పెట్టుకోవాలి, మంగలి కత్తి పెట్టేటప్పుడూ, చెవులు కుట్టే ఆచారి సూది పెట్టేటప్పుడూ కదలకుండా పట్టుకోవాలి. చుట్టూ అటు బంధువులు, ఇటు బంధువులు నిలబడి చూస్తుంటారు. మా చెల్లెలికి తోడబుట్టిన అన్నను నేనొక్కణ్ణే.

చెల్లెలు ఫోన్ చేసి సంతోషంగా తారీకు చెప్పింది. నాకు మాత్రం చుట్టూ నిలబడి చూసే ఆ జనమే కళ్ళ ముందు మెదిలారు. "ఆ పొద్దు నాకు డ్యూటీ ఉందిమ్మా. పెద్దమ్మ కొడుకు ఉండాడు గదా, వాడూ అన్నే గదా, వాణ్ణి కూర్చోబెట్టు" అన్నాను.  చెల్లెలు ఠక్కున ఫోన్ పెట్టేసింది.

ఆ ఆదివారం మా వాకిట్లో ఆటో ఆగింది. చెల్లెలు, పిల్ల, బావ, బావ వాళ్ళ అన్న దిగారు. ఆ అన్నను నేను పెద్దబావ అంటాను, వాళ్ళ ఇంటికి ఆయనే పెద్ద. చేతుల్లో పళ్ళెం, అందులో తమలపాకులు, వక్కలు, అరటిపళ్ళు, కొబ్బరికాయ, మీద పూలు. వాళ్ళు ఏమనుకున్నారో నాకు అప్పుడు అర్థమైంది. మేనమామకు మొదటి తాంబూలం ఇంటికొచ్చి ఇవ్వాలి. నాకు ఫోన్లో చెప్పారు. అందుకని నేను అలిగానని ఖాయం చేసుకున్నారు!

పెద్దబావ నిలబడే మొదలుపెట్టాడు. "తప్పు మాదే బావా. చెప్పే తీరులో చెప్పలేదు. మేనమామంటే ఏమనుకున్యాము మేము? దేవుడి తర్వాత దేవుడు. ఇదో, వక్కాకు తీసుకో, కోపం పోగొట్టుకో."

 అలగలేదంటే ఎందుకు రావని అడుగుతారు. అలిగానంటే ఇప్పుడు తీరిపోయింది గదా అంటారు. నేను నోరు తెరిచేలోగా చెల్లెలు పిల్లను తెచ్చి నా ఒడిలో కుదేసింది. "మీ మామనే అడుగు, ఎందుకు రాడో" అంది. పిల్ల నా కడుపు మీద కాళ్ళు తన్నిపెట్టి లేవబోయింది. నేను దడుచుకుని, చటుక్కున లేచి, పిల్లను చెల్లెలి చేతుల్లో పెట్టేశాను. చెల్లెలి మొహం చూడాలి అప్పుడు. కాలుతున్న పెనం తాకినట్టు దాని బిడ్డను నేను వదిలేశాను. అది నోటికి కొంగు అడ్డం పెట్టుకుని ఏడ్చింది.

బావ నా చెయ్యి పట్టుకుని వీధిలోకి తీసుకొచ్చాడు. "యో బావా, ఏందిది? ఏమైంది నీకు? నాతో చెప్పు."

చెప్పాను. వీధి గోడ వైపు చూస్తూ, అతని మొహం చూడకుండా, మొత్తం చెప్పాను. బావ కాసేపు గడ్డం గోక్కున్నాడు.

"ఇంతేనా?"

"ఇంతేనా అంటావేంది! అందరి ముందర అయితే?"

"అయితే నేనుండాను గదా."

"ఏం చేస్తావు నువ్వు?"

"అప్పటికేదో ఒకటి చేస్తా. బస్సు తోలేవాడికి దోవలో ఏం అడ్డమొస్తాదో ముందే తెలస్తాదా? రా బావా. నీ చెల్లెలు నీ కోసమే రాత్రంతా ఏడ్చింది."

లోపలికి వెళ్ళి వక్కాకు తీసుకున్నాను. పెద్దబావ తన మాటల వల్లే నా అలక తీరిందని మీసం దువ్వుకున్నాడు. ఆ మాట ఆయన ఊరంతా చెప్పుకున్నాడని తర్వాత తెలిసింది.

చెవులు కుట్టే రోజుకు ముందటి సాయంత్రం నుంచే నేను ఏమీ తినలేదు. మా ఆవిడ కుట్టిన గుడ్డ లోపల, పైన కొత్త తెల్ల పంచె. తెలుపు ఎవడు కనిపెట్టాడో వాణ్ణి తిట్టుకుంటూ కొండెక్కాను. గుండు కొట్టేటప్పుడు ఏమీ కాలేదు. పిల్ల మంగలి మొహం చూస్తూ నోట్లో వేలు పెట్టుకుని కూర్చుంది. స్నానం చేయించి, తలకు గంధం పూసి, నేను తెచ్చిన గౌను తొడిగి మళ్ళీ నా ఒడిలో పెట్టారు. ఆచారి ఎదురుగా కూర్చున్నాడు. నేను ఒక చేత్తో పిల్ల తల, ఒక చేత్తో నడుము పట్టుకున్నాను. ఎడమ చెవికి సూది దిగింది.

పిల్ల విల్లులా వెనక్కి వంగి, కాళ్ళు తన్ని, బరువంతా నా పొత్తికడుపులో దించింది. దాన్ని వదిలితే చెవి తెగుతుంది. నేను పళ్ళు బిగించి దాన్నే పట్టుకున్నాను. పిల్లను పట్టుకున్నాను గానీ, నన్ను నేను పట్టుకోలేకపోయాను.

వెచ్చగా తెలిసింది. గుడ్డ పక్కకు జరిగిపోయిందనీ తెలిసింది. ఎడమ చెవికి బంగారు రింగు ఎక్కింది, అందరూ చప్పట్లు కొట్టారు.  ఎవరో ముసలామె "ఏందో వాసనొస్తావుందే" అంది. అయిపోయింది, ఇంక ఈ మనుషుల మొహం నేను చూడలేననుకున్నాను.

అప్పుడు బావ వంగి, పిల్లను కొంచెం పైకెత్తి, దాని వెనక వైపు చూసి, బస్సులో కిందికి దిగమని అరిచేంత గొంతుతో అరిచాడు.

"అయ్యయ్యయ్యో! ఏంపనే ఇది నా బంగారుతల్లీ! మామ పంచెంతా పాడు చేసేస్తివే!"

గొల్లున నవ్వారు. ఆడవాళ్ళు కొంగులు అడ్డం పెట్టుకుని నవ్వారు, ఆచారి నవ్వాడు, పెద్దబావ అందరికంటే గట్టిగా నవ్వాడు. వాసనన్న ముసలామే, "మంచిదేలే, మేనమామ మీద కాకుంటే ఇంకెవురి మీద పోతాది!" అంది. బావ తన భుజం మీది తువ్వాలు నా నడుముకు చుట్టి, పిల్లను నా పొట్టకు అడ్డంగా ఎత్తించి, "జరగండి, జరగండి, ఇద్దర్నీ కడగాల" అంటూ కుళాయిల వైపు తోలుకుపోయాడు.

నేను మరుగుదొడ్డిలో ఉంటే తలుపు సందులోంచి బకెట్టు, చెంబు, ఆ వెనకే ఒక మడత పంచె వచ్చాయి. అది బావకు బట్టలు పెట్టాలని నేనే తెచ్చిన పంచె. నేను బయటికొచ్చేసరికి బావ కుళాయి కింద పిల్లను కడుగుతున్నాడు. మల్లెపువ్వులా శుభ్రంగా ఉన్న పిల్లను, ఎవరైనా చూస్తారని, గౌనెత్తి నిజంగానే కడుగుతున్నాడు. అది చన్నీళ్ళకు కీచుమంటోంది.

"బావా, నేనింక ఆడికి రాను. ఇట్లనే బస్టాండుకు పోతా" అన్నాను.

బావ పిల్లను తుడిచి నా చేతికిచ్చాడు. ఒక చెవికి రింగు, ఒక చెవి బోడి.

"ఇంకో చెవుంది, బావా" అన్నాడు.

అంతే అన్నాడు. నేను వెళ్ళి కూర్చున్నాను. కుడి చెవి కూడా నా ఒడిలోనే కుట్టారు. ఆ రోజు నేను వెనక్కి వెళ్ళకుండా కొండ దిగి ఉంటే, ఇక ఎప్పటికీ మనుషుల్లోకి వచ్చి ఉండేవాణ్ణి కాను. ఆ మాట నాకు బాగా తెలుసు.

తర్వాత బావా మా ఆవిడా కలిసి నన్ను మద్రాసులో ఒక పెద్దాసుపత్రికి ఈడ్చుకుపోయారు. దీనికి వైద్యం ఉంటుందనే నాకు తోచలేదు. కోసింది అతుక్కోదు గదా అనుకుని కూర్చున్నాను. అక్కడి డాక్టరమ్మ అన్నీ అడిగింది, నేను సిగ్గుపడుతుంటే ఆవిడ పడలేదు. మగవాళ్ళు ఎప్పుడూ బాగా ఆలస్యంగానే వస్తారని మందలించింది. మలం గట్టిపడటానికి ఇసబ్గోలు పొట్టు రాసింది, కాఫీ తగ్గించమంది, కింది కండరాన్ని బిగించి వదిలే వ్యాయామం నేర్పించడానికి ఒకావిడ దగ్గరికి పంపింది. గాలి బయటికి పోకుండా ఆపినట్టు బిగించాలి, కాసేపు ఉంచాలి, వదలాలి. మొదట్లో నేను మొహం బిగించేవాణ్ణి. "మొహం కాదండీ, కింద" అని ఆవిడ నవ్వేది. రైల్లో తలుపు దగ్గర నిలబడి చేశాను, మిషను ముందు నిలబడి చేశాను. నెలలు పట్టింది. పూర్తిగా పోయిందని అబద్ధం చెప్పను, పసుపు సంచి ఇప్పటికీ నాతోనే ఉంటుంది. కానీ ఒక పొద్దున మా గుంపు మధ్యలో పోయి కూర్చుని, ముక్కలు పంచమన్నాను. ఓడిపోయి అరిచాను. అరుస్తుంటే ఎంత హాయిగా ఉండిందో!

మొన్న మళ్ళీ అదే కొండ మీద పెద్దబావ మనవడికి చెవులు కుట్టించారు. మా మేనకోడలికి ఇప్పుడు ఏడేళ్ళు. దాని చెవులు కుట్టిన తర్వాత మా రెండు కుటుంబాల్లో ఏ వేడుక జరిగినా ఒక కథ తప్పకుండా వస్తుంది, అదేమిటో చెప్పనక్కర్లేదు. చెప్పేది పెద్దబావే. ఆ రోజూ ఒడిలో ఉన్న మనవడితో, "రేయ్, మీ అత్త మాదిరి మామ పంచె పాడు చేయొద్దురోయ్!" అన్నాడు. అందరూ నవ్వారు. పిల్లలు మా మేనకోడల్ని చుట్టుముట్టి ముక్కులు మూసుకున్నారు.

భోజనాలు కొండ కింద సత్రంలో. పిల్ల కనబడలేదు. వెతికితే చెప్పులు విడిచిన చోట ఒక్కతే కూర్చుని ఉంది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"నేను తినను. ఆడికొస్తే మళ్ళా చెప్తారు. మామా, నేను నిజంగా అట్లా చేసినానా?"

ముక్కుతో ఎగబీలుస్తూ అడిగింది. సిగ్గుతో జనంలోంచి తప్పుకుని చెప్పుల దగ్గర కూర్చోవడం అంటే ఏమిటో నాకంటే బాగా తెలిసినవాడు ఆ సత్రంలో ఎవడున్నాడు? దాని పక్కన కూర్చున్నాను.

"లేదు తల్లీ. నువ్వు చేయలే. నేను చేసినా. నాకప్పుడు ఒళ్ళు బాగలేదు, ఆపుకోలేకపోతిని. మీ నాయన నన్ను కాపాడాలని నీ మీద పెట్టినాడు."

 నవ్వుతుందనుకున్నాను, నవ్వలేదు.

"పెద్దోళ్ళకు గూడా వస్తాదా?"

"వస్తాది."

"అయితే ఉండనీలే మామా. నేనే అని చెప్పనీ. నేనప్పుడు చిన్నపాపను గదా, నాకు పరవాలేదు." లేచి, కళ్ళు తుడుచుకుని, నా చెయ్యి పట్టుకుని లోపలికి నడిచింది.

పంక్తిలో నేను నడుమ కూర్చున్నాను, అది నా పక్కన. పెద్దబావ ఎందుకో తలుపు పక్కనే చివరి ఆకు ముందు కూర్చున్నాడు. అక్కడి నుంచే మళ్ళీ అందుకున్నాడు. "మామ పక్కనే కూర్చునిందిరా! బావా, పంచె జాగ్రత్త!" పిల్ల తల ఎత్తలేదు. నా వైపు చూస్తే నేను దొరికిపోతానని అనుకుందేమో, ఆకు మీది అప్పడాన్నే చూస్తూ నవ్వు తెచ్చిపెట్టుకుంది. చేతిలోని ముద్ద ఆకులో పెట్టేశాను.

"పెద్దబావా," అన్నాను. నా పెద్ద నోరు ఆ రోజు నిజంగా పనికొచ్చింది. "ఆ పొద్దు పంచె పాడు చేసింది పాప కాదు. నేను. ఆపరేషనైనాక నాకు దొడ్డికి ఆగేది కాదు. చానా కాలం అట్లనే ఉండింది. ఇంక ఈ పిల్లను ఎవరూ ఏమీ అనొద్దండి."

 సాంబారు వడ్డించే మనిషి గరిటె ఎత్తి అలాగే నిలబడిపోయాడు. చెల్లెలు ముందు మొగుణ్ణి చూసింది, తర్వాత నన్ను చూసింది. బావ తల కొట్టుకున్నాడు.

"ఇన్నేండ్లుగా కాపాడుకుంటా వచ్చినా. సాంబారు కూడా రాకముందే చెడగొడితివే బావా!"

ఎవరో నవ్వారు. ఈసారి నేనూ నవ్వాను. చెల్లెలు లేచొచ్చి, వడ్డించే ఆయన చేతిలోంచి గరిటె లాక్కుని, నా ఆకులో తనే సాంబారు పోసింది.  పిల్ల మాత్రం నా మోచేతిని గిల్లి, "ఉండనీ అంటిని గదా" అని కోప్పడింది.

పెద్దబావ నవ్వలేదు. చెయ్యి కడుక్కునే చోట నా పక్కకు వచ్చి నిలబడ్డాడు. చేతులు కడిగేశాడు, మళ్ళీ కడిగాడు.

"ఆ డాక్టరమ్మ యాడుంటాది?" అన్నాడు కుళాయి వైపు చూస్తూ. "షుగరొచ్చినాక, కొంచెం... ఇంట్లో కూడా చెప్పలే."

పంక్తిలో పెద్దవాడు తలుపు పక్కన ఎందుకు కూర్చున్నాడో అప్పుడు తెలిసింది. "నేనే తీసుకుపోతా" అన్నాను.

సోమవారం ఆయన తిరుత్తణిలో ఎక్కిన రైలునే నేను తిరువళ్ళూరులో ఎక్కాను. సీట్లు ఖాళీగా ఉన్నాయి. ఆయన మాత్రం తలుపు దగ్గర, అందరికీ వీపు పెట్టి నిలబడి ఉన్నాడు. మా గుంపు వాళ్ళు తువ్వాలు పరిచి రమ్మని కేకేశారు. "పోబ్బా, ఆడుకో పో, నాకీడ గాలి బాగుంది" అన్నాడు పెద్దబావ. రేపు ఆడతానని వాళ్ళకు చెయ్యి ఊపి ఆయన పక్కనే నిలబడ్డాను. తిరునిన్రవూరు వస్తుండగా ఆయన మొహంలో చెమట చూశాను. చెవి దగ్గరికి వంగి చెప్పాను.

"ఈడ ఒకటుంది, పెద్దబావా. తాళం వెయ్యరు. దిగాల్నంటే చెప్పు, నేనూ దిగతా."